వేలికో నంబరు

పిల్లలూ! ఒక చిన్న పరీక్ష చేయండి. కళ్లు గట్టిగా మూసుకుని రెండు అరచేతులూ బల్ల మీద పరచండి. మీ స్నేహితుణ్ణి పిలిచి, మీ పది వేళ్లలో ఏవైనా రెండింటిని పెన్సిలు కొనతో ఒకేసారి మెల్లగా తాకమనండి. ఏయే వేళ్లను తాకాడో మీరు తడుముకోకుండా చెప్పేస్తారు. ఇందులో వింతేమీ లేదు. ఏ వేలికి తగిలిన స్పర్శ కబురు ఆ వేలి నరాల గుండానే బయలుదేరి మెదడుకు చేరుతుంది. అందువల్ల బొటనవేలి కబురునూ చూపుడువేలి కబురునూ మెదడు కలగాపులగం చేసుకోదు.

ఇప్పుడు సెల్‌ఫోను సంగతి చూడండి. దాని తెర ఒక గాజు పలక. దానికి నరాలు లేవు. ఇది బొటనవేలు, ఇది చిటికెనవేలు అనే తేడా దానికి తెలియదు. అయినా తెర మీద పటం కనిపిస్తున్నప్పుడు రెండు వేళ్లు ఆనించి ఎడంగా జరిపితే పటం పెద్దదవుతుంది. దగ్గరకు జరిపితే చిన్నదవుతుంది. ఒకే వేలితో లాగితే పటమంతా ఆ వేలి వెంట కదులుతుంది. తెర మీద ఉన్నది ఒక వేలా, రెండు వేళ్లా, ఏది ఎటు పోతోంది అనే లెక్క ఎవరు రాస్తున్నారు?

ఆ లెక్కను ముగ్గురు పంచుకుంటారు. గాజు పలక కొంత, బ్రౌజరు కొంత, ప్రోగ్రాము రాసిన మనిషి కొంత. వెబ్‌పేజీలను తెచ్చి మనకు చూపించే ప్రోగ్రామునే బ్రౌజరు అంటారు. క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ అనేవన్నీ బ్రౌజర్లే. ఈ ముగ్గురిలో ఎవరు లెక్క తప్పినా తెర మన మాట వినదు. వరుసగా చూద్దాం.

గాజుకు స్పర్శ ఎలా తెలుస్తుంది?

ఫోను గాజు కింద కంటికి కనిపించని వాహకపు పట్టీలు ఉంటాయి. సాధారణంగా వీటిని ఇండియం టిన్ ఆక్సైడు అనే పదార్థంతో చేస్తారు. దీనిలో రెండు మంచి గుణాలున్నాయి. అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. పలుచటి పొరగా పూస్తే కాంతిని కూడా పోనిస్తుంది. ఈ పట్టీలు కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా ఉంటాయి. అడ్డు పట్టీలకూ నిలువు పట్టీలకూ మధ్య ఒకదానికొకటి తగలకుండా బంధకపు పొర ఉంటుంది.

రెండు వాహకాల మధ్య బంధకం ఉంటే దాన్ని ఏమంటారో పై తరగతుల వాళ్లకు తెలుసు. కెపాసిటరు అంటారు. అంటే అడ్డు పట్టీ, నిలువు పట్టీ ఒకదాని మీదుగా ఒకటి పోయే ప్రతి కూడలి దగ్గరా ఒక చిట్టి కెపాసిటరు ఉన్నట్టే. అందులో కొంచెం విద్యుదావేశం నిలువ ఉంటుంది.

మన శరీరంలో ఉప్పునీటి పాలు ఎక్కువ. ఉప్పునీరు విద్యుద్వాహకం గదా! వేలు ఒక కూడలి దగ్గరకు రాగానే, పట్టీల మధ్య ఉన్న విద్యుత్ క్షేత్రంలో కొంత భాగం వేలి వైపు మళ్లుతుంది. ఆ కూడలిలో ఆవేశం పిసరంత తగ్గుతుంది. తెర వెనకనున్న చిన్న చిప్పు ఈ తగ్గుదలను కొలుస్తుంది. ఒక్కో అడ్డు పట్టీకి విద్యుత్ స్పందన పంపి, నిలువు పట్టీలన్నిటి దగ్గరా ఎంత అందిందో చూస్తుంది. ఇలా తెరనంతా సెకనుకు పదుల సార్లు వెతుకుతూనే ఉంటుంది.

ఎండిన చెక్క పెన్సిలుతో తెరను తాకి చూడండి. ఏమీ జరగదు. చెక్క బంధకం కనుక క్షేత్రం అటు మళ్లదు. వేలికి దళసరి గుడ్డ చుట్టి తాకినా ఇంతే.

దొంగ వేళ్లు

కూడలి కూడలినీ విడివిడిగా కొలవడం ఎందుకు? ఒక్కో అడ్డు పట్టీని, ఒక్కో నిలువు పట్టీని కొలిస్తే సరిపోదా? 16 అడ్డు పట్టీలు, 10 నిలువు పట్టీలు ఉన్నాయనుకుందాం. పట్టీలను మాత్రమే కొలిస్తే 16 + 10 = 26 కొలతలు చాలు. కూడళ్లను కొలవాలంటే 16 × 10 = 160 కొలతలు కావాలి. ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు.

దీనికి జవాబు ఒక ఆట ద్వారా తెలుసుకోండి. గళ్ల కాగితం తీసుకుని అడ్డు వరుసలకూ నిలువు వరుసలకూ 1, 2, 3 అని అంకెలు వేయండి. మీ స్నేహితుడు తన కాగితం మీద ఎక్కడో ఒక గడిలో చింతగింజ పెట్టి, "అడ్డు వరుస 3, నిలువు వరుస 2" అని చెప్పాలి. గింజ ఎక్కడుందో మీకు వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు రెండు గింజలు పెట్టమనండి. "అడ్డు వరుసలు 3, 5. నిలువు వరుసలు 2, 6" అని మాత్రమే చెప్పమనండి. గింజలు ఏ గళ్లలో ఉన్నాయి? 3వ వరుసలో 2, 5వ వరుసలో 6 కావచ్చు. లేదా 3వ వరుసలో 6, 5వ వరుసలో 2 కావచ్చు. గళ్లు నాలుగు, గింజలు రెండే. మిగతా రెండూ లేని గింజలు.

పట్టీలను మాత్రమే కొలిచే తెరకు సరిగ్గా ఇదే చిక్కు వస్తుంది. రెండు వేళ్లు పెడితే నాలుగు చోట్ల వేళ్లున్నట్టు తోస్తుంది. లేకుండానే ఉన్నట్టు కనిపించే ఈ స్పర్శలను ఇంజనీర్లు దయ్యపు బిందువులు అని సరదాగా పిలుస్తారు. ప్రతి కూడలినీ విడిగా కొలిస్తే ఈ దయ్యాలు పారిపోతాయి. మూడు వేళ్లు మూడు వేరువేరు అడ్డు వరుసల్లో, మూడు వేరువేరు నిలువు వరుసల్లో ఉంటే దయ్యాలెన్నో మీరే లెక్కవేయండి. రెండు వేళ్లూ ఒకే అడ్డు వరుసలో ఉంటే ఎన్నో కూడా చెప్పండి.

ఒక వేలి నుంచి పది వేళ్లకు

వేలితో తాకే తెర నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో రాడార్ పరిశోధన సంస్థలో పనిచేసిన ఇ. ఎ. జాన్సన్ 1965లోనే అలాంటి తెరను గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. విమానాల రాకపోకలను అదుపు చేసేవారి పని సులువు చేయడం అతని ఉద్దేశం. 1970ల మొదట్లో స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయంలో ఫ్రాంక్ బెక్, బెంట్ స్టుంపే అనే ఇంజనీర్లు ఒక పెద్ద కణ త్వరణ యంత్రాన్ని నడిపే గదికోసం స్పర్శ తెరలు రూపొందించారు. వేలకొద్దీ మీటల స్థానంలో కొద్ది తెరలు సరిపోయాయి.

ఒకేసారి అనేక వేళ్లను గుర్తించే పరికరాన్ని 1982లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో నిమిష్ మెహతా తయారుచేశాడు. గరుకు గాజు వెనక ఒక కెమెరా పెట్టి, గాజు మీద వేళ్లు కలిగించే నల్లని మచ్చలను కంప్యూటరు చేత లెక్కపెట్టించాడు. అమెరికాలో డెలవేర్ విశ్వవిద్యాలయానికి చెందిన వేన్ వెస్టర్మన్ కథ వేరు. కీబోర్డు మీద అదేపనిగా టైపు చేయడం వల్ల అతని చేతులు నొప్పి పుట్టేవి. మెత్తగా తాకితే చాలే పలక కావాలని అతడు, అతని ఆచార్యుడు జాన్ ఎలియాస్ కలిసి 1998లో ఒక కంపెనీ స్థాపించారు. 2005లో ఆపిల్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. 2007లో రెండు వేళ్లతో బొమ్మను పెంచి తగ్గించగల ఐఫోన్ వెలువడింది.

కాని అప్పటి వెబ్‌పేజీలకు వేళ్ల సంగతి తెలియదు. వెబ్ పుట్టింది కూడా ఆ సెర్న్‌లోనే, 1989లో. అది మౌసు కాలం. మౌసు బాణం తెర మీద ఒక్కటే ఉంటుంది. "బాణం ఇక్కడుంది, మీట నొక్కారు, మీట వదిలారు" అని చెబితే చాలు. ఒకే బాణం కనుక ఇది ఎవరిది అనే ప్రశ్నే రాలేదు. వేళ్ల సంగతి పేజీలోని ప్రోగ్రాముకు విడివిడిగా చెప్పే ఏర్పాటు 2008లో ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజరులో మొదలైంది. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యు3సి సంస్థ 2013లో దాన్ని ప్రమాణంగా ఆమోదించింది.

నాలుగు రకాల కబుర్లు

వెబ్‌పేజీలోని ప్రోగ్రాములను ఎక్కువగా జావాస్క్రిప్టు అనే భాషలో రాస్తారు. బ్రౌజరు ఆ ప్రోగ్రాముకు నాలుగు రకాల కబుర్లు పంపుతుంది. వేలు గాజును తాకగానే వచ్చేది "టచ్‌స్టార్ట్". వేలు కదిలితే "టచ్‌మూవ్". వేలు ఎత్తితే "టచ్‌ఎండ్". మధ్యలో ఏదో అడ్డంకి వచ్చి స్పర్శ రద్దయితే "టచ్‌కాన్సెల్". ఈ నాలుగోదాని సంగతి ముందు ముందు చెప్పుకుందాం.

ప్రతి కబురుతోపాటు మూడు జాబితాలు వస్తాయి. వీటిని మీ బడితో పోల్చి చూడండి. మొదటిది బడిలో ఉన్న పిల్లలందరి జాబితా. అంటే తెర మీద ఎక్కడైనా సరే ఆని ఉన్న వేళ్లన్నీ. రెండోది మీ తరగతి జాబితా. అంటే పేజీలోని ఫలానా బొమ్మ మీద మొదలైన వేళ్లు మాత్రమే. మూడోది ఇప్పుడే గేటు దగ్గర వచ్చినవాళ్లు, పోయినవాళ్ల జాబితా. అంటే ఈ కబురుకు కారణమైన వేళ్లు.

ఇక్కడ కొత్తగా ప్రోగ్రాములు రాసేవారు తరచుగా తడబడతారు. ఒక వేలు ఎత్తారనుకోండి. ఏ వేలు ఎత్తారో తెలుసుకోవడానికి మొదటి జాబితాలో వెతికితే దొరకదు. ఇంటికి వెళ్లిపోయిన పిల్లవాడు బడిలో ఎలా దొరుకుతాడు? గేటు జాబితాలోనే చూడాలి.

జాబితాలో ప్రతి వేలికీ అది ఉన్న చోటు రాసి ఉంటుంది. తెర ఎడమ పైమూల నుంచి కుడికి ఎంత, కిందికి ఎంత అని రెండు సంఖ్యలు. మీరు గణితంలో గీసే గ్రాఫులో రెండో సంఖ్య పైకి పోతే పెరుగుతుంది. ఇక్కడ కిందికి వస్తే పెరుగుతుంది. అంతే తేడా. ఈ రెండు సంఖ్యలతోపాటు మరొకటి కూడా ఉంటుంది. అదే వేలి గుర్తింపు సంఖ్య. దాన్ని "ఐడెంటిఫయర్" అంటారు. అసలు కిటుకంతా ఇందులో ఉంది.

నులకమంచం బొమ్మ

లత, రహీము ఒకే టాబ్లెట్ మీద బొమ్మలు గీస్తున్నారనుకుందాం. వేలు పోయినదారంతా గీత పడాలి. ప్రోగ్రాము రాసినవారు మౌసుకు అలవాటుపడి "చివరి చోటు" అని ఒకే ఒక గడి పెట్టుకున్నారు. కొత్త కబురు వచ్చినప్పుడల్లా చివరి చోటు నుంచి కొత్త చోటుకు గీత గీసి, కొత్త చోటును గడిలో రాసుకోవాలి.

లత ఎడమవైపు (100, 100) దగ్గర వేలు ఆనించింది. గడిలో 100, 100 అని రాశారు. రహీము కుడివైపు (500, 100) దగ్గర వేలు ఆనించాడు. గడిలోని పాత అంకెలు చెరిగిపోయి 500, 100 పడింది. ఇప్పుడు లత తన వేలిని కొద్దిగా కిందికి, (100, 110) దగ్గరకు జరిపింది. ప్రోగ్రాము ఏం చేస్తుంది? గడిలో ఉన్న (500, 100) నుంచి (100, 110) వరకు తెర అడ్డంగా పెద్ద గీత లాగుతుంది! రహీము (500, 110)కు జరపగానే అటు నుంచి ఇటు మరో గీత. ఇద్దరూ చెరొక నిలువుగీత గీద్దామనుకుంటే తెర మీద నులకమంచం తయారవుతుంది.

దీనికి మందేమిటి? "జాబితాలో మొదటి వేలు లతది, రెండోది రహీముది అనుకుంటే సరి" అని కొందరంటారు. అదీ పొరపాటే. వరుసలో ముందు నిలబడ్డవాడు వెళ్లిపోతే వెనకవాడు ముందుకొస్తాడు. లత వేలు ఎత్తగానే జాబితాలో రహీము వేలు మొదటిదై కూర్చుంటుంది. అప్పుడు లత ఆపిన చోటు నుంచి రహీము వేలి వరకు మళ్లీ ఒక పిచ్చిగీత పడుతుంది. వరుసలో స్థానం మారుతుంది కాని హాజరుపట్టీలో నంబరు మారదు. కనుక స్థానాన్ని నమ్మకూడదు, నంబరునే నమ్మాలి.

గుడి దగ్గర చెప్పుల స్టాండు చూశారు గదా! చెప్పులు అప్పగిస్తే ఒక టోకెను ఇస్తారు. ఆ నంబరు గూట్లోనే మీ చెప్పులుంటాయి. మీరు చెప్పులు తీసుకుని టోకెను తిరిగి ఇచ్చేశాక, అదే టోకెను మరొకరికి ఇవ్వవచ్చు. బ్రౌజరు కూడా సరిగ్గా ఇలాగే చేస్తుంది. వేలు గాజు మీద ఆని ఉన్నంతసేపూ దాని నంబరు మారదు. తెర మీద ఉన్న రెండు వేళ్లకు ఒకే నంబరు ఎప్పుడూ రాదు. వేలు ఎత్తాక ఆ నంబరు మరో వేలికి పోవచ్చు. ఇంకొక సంగతి. నంబర్లు ఒకటి, రెండు, మూడు అని వరుసగా ఉంటాయన్న హామీ ఏమీ లేదు.

కనుక మంచి ప్రోగ్రాము ఒక రిజిస్టరు పెట్టుకుంటుంది. అది చేసే పని ఇంతే:

1. వేలు తాకిన కబురు రాగానే, గేటు జాబితాలోని ప్రతి వేలికీ దాని నంబరు పేరిట రిజిస్టరులో ఒక గడి తెరిచి చోటు రాయాలి.

2. వేలు కదిలిన కబురు రాగానే, కదిలిన ప్రతి వేలికీ దాని గడి వెతికి, ఆ గడిలోని పాత చోటు నుంచి కొత్త చోటుకు గీత గీసి, కొత్త చోటు రాయాలి. ఒకే కబురులో రెండు మూడు వేళ్లు కదిలి ఉండవచ్చు. ఒక్కదాన్నే చూసి ఊరుకోకూడదు.

3. వేలు ఎత్తిన కబురు రాగానే ఆ గడి కొట్టివేయాలి.

4. స్పర్శ రద్దయిన కబురు వచ్చినా ఆ గడి కొట్టివేయాలి.

ఇప్పుడు లత గీత లతదే, రహీము గీత రహీముదే. పది వేళ్లు పెట్టినా చిక్కుపడవు.

గిల్లడంలోని గణితం

రెండు వేళ్లతో పటాన్ని పెంచి తగ్గించే సైగను ఇంగ్లీషులో పించ్ అంటారు. అంటే గిల్లడం. ఈ గిల్లుడు వెనక పైథాగరస్ సిద్ధాంతం దాగి ఉంది.

మొదట రెండు వేళ్లు (100, 200), (400, 600) దగ్గర ఉన్నాయి. అడ్డంగా తేడా 300. నిలువుగా తేడా 400. రెండు వేళ్ల మధ్య దూరం లంబకోణ త్రిభుజంలో కర్ణం. 300 వర్గం 90,000. 400 వర్గం 1,60,000. మొత్తం 2,50,000. దాని వర్గమూలం 500. ఈ సంఖ్యను ప్రోగ్రాము గుర్తుపెట్టుకుంటుంది.

వేళ్లు దగ్గరకు జరిగి (160, 280), (340, 520) అయ్యాయి. తేడాలు 180, 240. దూరం 300. ఇప్పుడు 300ను 500తో భాగిస్తే 0.6 వస్తుంది. అంటే పటాన్ని మొదటి పరిమాణంలో 0.6 వంతు చేయాలన్నమాట. దూరం 1000 అయి ఉంటే భాగఫలం 2. పటం రెండింతలవుతుంది.

ఏ చోటును కేంద్రంగా పెట్టుకుని తగ్గించాలి? రెండు వేళ్ల మధ్యబిందువును. పైన మొదటి మధ్యబిందువు (250, 400). రెండోసారి లెక్కవేసి చూడండి, అదీ (250, 400)యే. మధ్యబిందువు కదిలితే పటాన్ని కూడా అంతమేరా జరపాలి. రెండు వేళ్లను కలిపే గీత వాలు మారితే పటాన్ని తిప్పాలని అర్థం. ఇలా రెండే రెండు బిందువుల నుంచి పెంచడం, జరపడం, తిప్పడం మూడూ పుట్టుకొచ్చాయి.

ఇందులో ఒక గోతి ఉంది. గిల్లిన తరువాత రెండు వేళ్లూ సరిగ్గా ఒకే క్షణంలో పైకి లేవవు. ముందు ఒకటి, సెకనులో ఎన్నోవంతు తరువాత మరొకటి లేస్తుంది. ఆ కాస్త వ్యవధిలో తెర మీద ఒకే వేలుంటుంది. అప్పటివరకు మధ్యబిందువును పట్టుకుని పటాన్ని జరుపుతున్న ప్రోగ్రాము హఠాత్తుగా ఆ ఒక్క వేలిని పట్టుకుంటే, పటం కప్పలాగా ఒక్క గెంతు గెంతుతుంది. వేళ్ల సంఖ్య మారినప్పుడల్లా పాత లెక్క ముగించి, ఉన్న వేళ్ల ప్రస్తుత చోట్ల నుంచి కొత్త లెక్క మొదలుపెట్టడమే దీనికి విరుగుడు.

ఆగని హార్మోనియం

ఇప్పుడు నాలుగో కబురు సంగతి. మీరు వెబ్‌పేజీలో ఒక హార్మోనియం తయారుచేశారు. తెర మీద మెట్లున్నాయి. వేలు ఆనించినంతసేపూ ఆ స్వరం మోగుతుంది. ఎత్తగానే ఆగుతుంది. స, గ, ప మూడూ కలిపి నొక్కారు. ఇంతలో ఫోను మోగి, తెర మీద మరేదో వచ్చి పడింది. బ్రౌజరుకు ఇక ఆ వేళ్ల జాడ తెలియదు. అందువల్ల "వేలు ఎత్తారు" అనే కబురు ఎప్పటికీ రాదు. దాని బదులు "స్పర్శ రద్దయింది" అనే కబురు వస్తుంది. ఆ కబురును పట్టించుకోని ప్రోగ్రాములో స, గ, ప ఆగకుండా మోగుతూనే ఉంటాయి! రిజిస్టరులో మూడు గడులు ఎవరూ కొట్టివేయక మిగిలిపోయాయన్నమాట.

హార్మోనియంలో మరో తమాషా ఉంది. స మెట్టు మీద వేలు ఆనించి, ఎత్తకుండా రి మెట్టు మీదికి జరపండి. రి మోగదు. వేలు ఏ మెట్టు మీద మొదలైందో, అది ఎంత దూరం జరిగినా దాని కబుర్లన్నీ బ్రౌజరు ఆ మెట్టుకే పంపుతుంది. పుట్టిన ఊరి పేరు మారనట్టే ఇది. వేలు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో దాని సంఖ్యలను బట్టి ప్రోగ్రామే లెక్కవేసుకోవాలి.

మౌసు, వేలు, కలము మూడింటికీ వేర్వేరుగా ప్రోగ్రాము రాయడం శ్రమ. అందుకని మూడింటినీ "పాయింటరు" అనే ఒకే పేరుతో పిలిచే పద్ధతిని డబ్ల్యు3సి 2015లో ప్రమాణంగా ప్రకటించింది. 2019 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నీ దీన్ని అందుకున్నాయి. ఇందులో జాబితాలుండవు. ఒక్కో వేలికీ విడిగా కబురు వస్తుంది. అయినా నంబరు మాత్రం పోలేదు. ప్రతి పాయింటరుకూ ఒక నంబరుంటుంది. రిజిస్టరు పెట్టే పని ఇక్కడా ప్రోగ్రాముదే.

సైగ ఎవరిది?

ఇంతవరకు వేళ్ల కబుర్లు ప్రోగ్రాముకు వస్తాయని చెప్పుకున్నాం. కాని ఆ వేళ్లు బ్రౌజరుకూ కావాలి. ఒక వేలితో తోస్తే పేజీని జరిపేది బ్రౌజరే. రెండు వేళ్లతో గిల్లితే పేజీని పెంచేదీ బ్రౌజరే. మీ పటం కూడా అదే సైగను వాడుకుంటే ఇద్దరికీ తగవు వస్తుంది. మీరు పటాన్ని పెంచబోతే పేజీ అంతా పెరుగుతుంది.

ఈ తగవు తీర్చడానికి ఒక ఏర్పాటుంది. పేజీలో ఏ భాగంలో ఏ సైగను బ్రౌజరు ముట్టుకోకూడదో ముందుగానే రాసిపెట్టవచ్చు. ఈ సూచనను "టచ్-యాక్షన్" అంటారు. ముందుగా రాసిపెట్టడంలో ఒక లాభముంది. వేలు కదిలిన ప్రతిసారీ "పేజీని జరపమంటారా, వద్దా?" అని బ్రౌజరు ప్రోగ్రామును అడిగి జవాబుకోసం ఎదురుచూడనక్కరలేదు. పేజీ తడబడకుండా జరుగుతుంది.

అయితే ఈ సూచనను పటం ఉన్న గడికి మాత్రమే రాయాలి. పేజీ మొత్తానికి రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. చూపు మందగించిన అవ్వ వార్తలు చదువుకుంటోంది. ఒత్తులు, గుడులు, సున్నాలు చిన్నగా ఉంటే ఆమెకు ఆనవు. రెండు వేళ్లతో అక్షరాలను పెద్దవి చేసుకోబోతుంది. పేజీ కదలదు, పెరగదు. తన వేళ్లే సరిగా పనిచేయడం లేదేమోనని ఆమె అనుకుంటుంది. నిజానికి తప్పు ఆమె వేళ్లది కాదు, "పెంచనివ్వవద్దు" అని పేజీలో రాసిన ఒక్క వాక్యానిది. పేజీలో అలాంటి ఆజ్ఞ రాసి ఉన్నా 2016 నుంచి ఐఫోన్‌లోని సఫారీ దాన్ని ఖాతరు చేయకుండా పెంచనిస్తోంది.

ఇంకొక సంగతి. అందరికీ రెండు వేళ్లు ఖాళీగా ఉండవు. ఒక చేత్తో చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి ఉండవచ్చు. పక్షవాతంతో చేయి పడిపోయినవారు ఉండవచ్చు. నోటితో పుల్ల పట్టుకుని తెరను తాకేవారు ఉన్నారు. వారికి ఉన్నది ఒకే బిందువు. అందుకే అందరికీ అందుబాటులో ఉండే పేజీలకోసం డబ్ల్యు3సి 2018లో ప్రకటించిన నియమాల్లో ఒకటి ఇలా ఉంది: అనేక వేళ్లతో చేసే పని ఏదైనా ఒకే వేలితో తాకి కూడా చేయగలిగేలా ఉండాలి. అనేక వేళ్లు తప్పనిసరి అయిన పనికి మాత్రం మినహాయింపు ఉంది. పటం పక్కన ఒక కూడిక గుర్తు మీట, ఒక తీసివేత గుర్తు మీట పెడితే ఈ నియమం తీరిపోతుంది. అవి రెండూ రాయడానికి పట్టే శ్రమ ఎంత? రిజిస్టరు రాసే శ్రమలో పదో వంతు కూడా ఉండదు.

మీరే పరీక్షకులు

ఈ విద్యను నేర్చుకోవడానికి మీరిప్పుడే ప్రోగ్రాములు రాయనక్కరలేదు. పరీక్షించడం మొదలుపెట్టండి. పెద్దవాళ్లను అడిగి, బ్రౌజరులో బొమ్మలు గీసే పేజీ ఏదైనా తెరవండి. రెండు వేళ్లతో రెండు గీతలు ఒకేసారి గీయండి. రెండూ విడివిడిగా వచ్చాయా, నులకమంచం వచ్చిందా, లేక ఒక వేలినే పట్టించుకుందా? మొదట ఆనించిన వేలిని ముందుగా ఎత్తి, రెండోదాన్ని గీస్తూనే ఉండండి. గీత సాగిందా, గెంతిందా? పటం ఉన్న పేజీ తెరిచి, ఒకే వేలితో దాన్ని పెద్దది చేయగలరేమో చూడండి. వార్తల పేజీలో అక్షరాలను రెండు వేళ్లతో పెంచి చూడండి.

చూసినదంతా ఒక పుస్తకంలో రాసుకోండి. ఏ పేజీ ఎక్కడ తప్పిందో, రిజిస్టరులో ఏ గడి తెరవడం లేదా కొట్టివేయడం మరిచిపోతే ఆ తప్పు వస్తుందో ఊహించి పక్కనే రాయండి. ఈ లెక్క రాయడం అలవాటైతే రేపు మీరు ప్రోగ్రాము రాసే రోజున లత గీత రహీము గీతతో కలవదు. అవ్వకు అక్షరాలు ఆనకుండానూ పోవు.